ప్రసూన కాగితం వయసు

బిలాస్‌పూర్ వ్యాపార్ విహార్‌లో లారీ ఆఫీసులు వరసగా ఉండే వీధిలో మా అమ్మాయి ప్రసూన నాలుగేళ్లు పనిచేసింది. ఆ ఆఫీసుకు ఫోన్ చేసినవాళ్లకు ముందుగా వినిపించేది తన గొంతే. ఎడమ చెవి కాస్త మందం కాబట్టి ఫోన్ ఎప్పుడూ కుడి చెవికే ఆనించుకునేది. ఆ ఒక్క చెవితోనే డ్రైవర్ల అబద్ధాలన్నీ పట్టేసేది.

"భయ్యా, నువ్వు రాయ్‌పూర్ దాటి గంటయిందంటున్నావు. నీ వెనకాల రాయ్‌పూర్ ఢాబా వాడు రోటీ లెక్క అరుస్తున్నాడేం?" అని హిందీలో నిలదీసేది. అవతలివాడు నవ్వేసేవాడు. ఆ గొంతు విని చాలామంది పెద్ద శరీరం గల మనిషిని ఊహించుకునేవారు. ఒకసారి బిహార్ నుంచి మొదటిసారి వచ్చిన డ్రైవరు ఒకడు తలుపు దగ్గర నిలబడి, బల్ల మీదుగా గోడకేసి చూస్తూ "దీదీ లేరా?" అని అడిగాడట. ప్రసూన కుర్చీ దిగి, బల్ల పక్కకొచ్చి, "ఉన్నాను. కొంచెం కిందికి చూడు" అందట. తన ఎత్తు నాలుగడుగుల ఎనిమిది అంగుళాలు. అది కూడా మందులతో పెరిగిన రెండు మూడు అంగుళాలు కలుపుకుని.

ప్రసూన పోయి పద్నాలుగు నెలలయింది. తన గురించి ఒకచోట రాసి పెట్టాలని కూర్చున్నాను. రాయబోతే తన ఎత్తు దగ్గరే ఆగిపోతున్నాను. తన ఎత్తు గురించి చెప్పాలంటే ముందు నేను చేసిన పని చెప్పాలి.

మా నాన్న రాఘవయ్య పలాస దగ్గర పల్లె నుంచి వచ్చి బిలాస్‌పూర్‌లో రైలింజన్లు బాగుచేసే లోకో షెడ్డులో కళాసీగా చేరాడు. చేరిన రోజున గుమాస్తా ఎవరో ఆయన మీసాలు చూసి, అసలు వయసు కంటే మూడేళ్లు ఎక్కువ రాసేశాడు. నాన్నకు చదువు రాదు, వేలిముద్ర వేశాడు. దాంతో ఇంకా మూడేళ్లు పనిచేయగల ఒంటితో రిటైరై, క్వార్టర్ ఖాళీ చేయాల్సి వచ్చింది. ఆ తరువాత కూడా షెడ్డు సైరన్ కూయగానే లేచి, బనీను తొడుక్కుని, అద్దె ఇంటి గుమ్మంలో కూర్చునేవాడు. ఎక్కడికీ వెళ్లేవాడు కాదు. మళ్లీ సైరన్ కూస్తే బనీను విప్పేవాడు.

నాకు అదే రైల్వేలో, ఉద్యోగుల సర్వీసు పుస్తకాలు చూసే విభాగంలో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. పుట్టినతేదీ ఒక మనిషిని ఏం చేయగలదో రోజూ నా బల్ల మీదే కనబడేది. నాకు కూతురు పుట్టాక నేనొకటి అనుకున్నాను. కలం తప్పు రాసేదయితే ఈసారి మా పిల్లకు పనికొచ్చేలా రాయాలి.

ప్రసూన 1997 మార్చిలో వాళ్ల అమ్మమ్మగారి ఊళ్లో, ఇంట్లోనే పుట్టింది. పుట్టుక ఎక్కడా నమోదు కాలేదు. బడిలో వేయాల్సి వచ్చినప్పుడు సర్టిఫికెట్ కావలసి వచ్చింది. మా సెక్షన్‌లో పెద్దవాడు గోవిందరావు గారు టీ తాగుతూ తేల్చేశారు.

"తిరుమలరావ్, పిల్లకి రెండేళ్లు తగ్గించీ. పరీక్షలకి ఏజ్ లిమిట్ కలిసొస్తాది, ఉద్యోగమొస్తే సర్వీసూ కలిసొస్తాది. మావోళ్లిద్దరికీ నేనలాగే సేసినాను. ఏటి, పోలీసొచ్చి పళ్లు లెక్కెడతాడా?"

ఇంట్లో చెబితే నా భార్య మాధవీలత ఒప్పుకోలేదు.

"కన్నది నేను. ఎప్పుడు కన్నానో నాకు తెలీదా? మీరెవరండీ మార్చడానికి?"

మా అమ్మ అప్పలకొండ మాత్రం నాకే వత్తాసు పలికింది. "ఓలమ్మా, రెండేళ్లేటే కోడలా, మూడేళ్లు తగ్గించినా ఎవడికీ తెలీదు. గుంట పిడికెడుంది!"

నిజమే. ప్రసూన అప్పటికే పిడికెడుండేది. పుట్టినప్పుడు కాళ్లూ చేతులూ ఉబ్బి ఉంటే బొద్దుగా పుట్టిందని మురిసిపోయాం. మెడ రెండు పక్కలా చర్మం కాస్త వదులుగా, రెక్కల్లా ఉంటే మా అమ్మ దాన్ని కూడా అదృష్టమే అంది. ఐదేళ్లు నిండిన పిల్లను తీసుకెళ్లి మూడేళ్లని నోటరీ ముందు ప్రమాణపత్రం రాయిస్తే అక్కడ ఎవరూ పిల్లవైపు రెండోసారి చూడలేదు. బడిలోనూ చూడలేదు. ఆ పొట్టితనం ఒక జబ్బుకు మొదటి గుర్తని తరువాత తెలిసింది. ఆ గుర్తే నా అబద్ధానికి సాక్ష్యంగా పనికొచ్చింది.

ఆ సర్టిఫికెట్‌లోని తేదీనే నేను నా సర్వీసు ఫైల్లో కుటుంబ సభ్యుల వివరాల్లో రాశాను. రైల్వే మెడికల్ కార్డులోకి అదే ఎక్కింది. ఇక మిగిలింది పిల్లకు నేర్పడం.

"ఎవరడిగినా మూడు అనాలి."

"ఇంట్లో?"

"ఇంట్లో ఐదు."

"రిక్షాలో?"

"మూడు."

"నాయనమ్మ అడిగితే?"

"ఐదు. కానీ నాయనమ్మ పక్కన వేరేవాళ్లుంటే మూడు."

ప్రసూనకు అదొక ఆట. ప్రతి మార్చిలోనూ రెండు వయసులూ ఒక్కొక్క ఏడాది పెంచుకునేది. ఒకటి ఇంటి వయసు, ఇంకొకటి కాగితం వయసు. ఒక్కసారీ తప్పు చెప్పలేదు. రైల్వే కాలనీ ఆడవాళ్లు ఆరా తీసేవారు, బడిలో పంతులమ్మలు అడిగేవారు, రైల్లో టీటీ అడిగాడు. వీడి ముందు ఏ వయసు చెప్పాలి అని ఒక్క క్షణం కళ్లతోనే కొలిచి, సరైన వయసు చెప్పేది. చెప్పి నావైపు చూసేది. నేను తలూపేవాణ్ని.

ఇంటి వయసు తొమ్మిది నిండింది. అప్పుడు బడి గౌను చూసి మాధవీలతకు అనుమానం వచ్చింది.

"మూడేళ్లయింది ఈ గౌను కొని. పిల్లల గౌన్లు చిరగాలి, లేదంటే పొట్టివవ్వాలి. దీనికి రంగు వెలిసింది గానీ అంచు విప్పాల్సిన పని రాలేదు. నాకు భయమేస్తోందండీ."

రైల్వే ఆసుపత్రికి తీసుకెళ్లాం. అక్కడి పిల్లల డాక్టరు పెద్దాయన, బెంగాలీ. తొందరపడే మనిషి కాదు. పిల్లను గోడకు నిలబెట్టి ఒకసారి కొలిచి, చెప్పులు తీయించి మళ్లీ కొలిచారు. నూటపదమూడు సెంటీమీటర్లు. కార్డు తిరగేసి తేదీ చూశారు. పిల్లల ఎత్తు సరిపోల్చుకునే గీతల కాగితం ఒకటి తీశారు. దాని మీద వంపు తిరిగిన గీతలు ఐదారు ఉన్నాయి. అడుగున వయసు, పక్కన ఎత్తు. పిల్లలంతా పైగీతకూ కిందిగీతకూ మధ్య ఎక్కడో ఒకచోట ఉండాలట. కలం పట్టుకుని, ప్రసూనవైపు వంగి నవ్వుతూ అడిగారు.

"బేటా, నీకెన్నేళ్లు?"

ప్రసూన ఆయన్ని చూసింది. తరువాత నన్ను చూసింది. ఆ గదిలో ఏ వయసు చెప్పాలో తేల్చుకుంది.

"సాత్" అంది, మెడ నిటారుగా పెట్టి.

ఆయన ఏడు దగ్గర చుక్క పెట్టారు. చుక్క మధ్యగీతకు కిందపడింది, కానీ గీతల లోపలే ఉంది. చేతి మణికట్టు ఎక్స్‌రే కూడా తీయించారు. ఎముకల వయసు దాదాపు ఏడు, కార్డులో వయసు ఏడు, రెండూ సరిపోయాయన్నారు. అక్కడితో ఆగుతారనుకున్నాను. ఆయన మాధవీలతను పిలిచి, పిల్లను పక్కగదిలో బరువు చూపించుకు రమ్మన్నారు. వాళ్లు వెళ్లాక నావైపు తిరిగారు.

"ఈ తేదీ పక్కాయేనా?"

నేను ఆయన చేతిలోని కార్డు వైపు చూశాను.

"ఎందుకడుగుతున్నానంటే, నేను చెప్పేదంతా ఈ ఒక్క తేదీ మీద నిలబడి ఉంది. మెడ చూస్తే నాకు కొంచెం అనుమానంగానే ఉంది. పిల్లకు ఏడయితే ఏడాదికోసారి చూస్తే చాలు, ఎదుగుతుంది. తొమ్మిదయితే మాత్రం నేను వేరే దారిలో వెళ్లాలి. రేపే రక్తం పెద్ద ఊరికి పరీక్షకు పంపాలి."

తొమ్మిది అనే అన్నారాయన. ఏ సంఖ్యయినా అనగలిగినవాడు సరిగ్గా ఆ సంఖ్యే అన్నారు.

ఆ గదిలో ఫ్యాను తిరుగుతోంది. గీతల కాగితం గాలికి లేవకుండా ఆయన దాని మీద స్టెతస్కోపు పెట్టారు. నా కళ్ల ముందు మా పిల్ల లేదు. నా చేతిరాతతో ఉన్న సర్వీసు ఫైలు ఉంది. తప్పుడు వివరాలిచ్చిన ఉద్యోగులకు పంపే చార్జిషీట్లు టైపు చేసేది నేనే. ఆ భాష నాకు కంఠతా వచ్చు.

"పక్కా సాబ్" అన్నాను.

ఆయన తలూపి, కార్డులో ఏడు అని రాసుకుని, దాని కింద గీత గీశారు.

ఆటోలో తిరిగి వస్తుంటే ప్రసూన నా చొక్కా లాగింది. "సరిగ్గా చెప్పానా నాన్నా?"

"సరిగ్గా చెప్పావు" అన్నాను.

ఆ తరువాత ఏడాదికోసారి వెళ్లేవాళ్లం. చుక్క పక్కన చుక్క పడుతూ పోయింది. ప్రతి చుక్కా కిందిగీతకు కొంచెం దగ్గరయింది. ఆసుపత్రికి బయలుదేరిన ప్రతిసారీ మాధవీలత చెప్పులేసుకుంటూ అదే మాట అనేది. "ఈసారైనా చెప్పీండి." ప్రమోషన్ కాగితాలు కదులుతున్నాయి, అవి రానీ అనేవాణ్ని. ప్రమోషన్ వచ్చాక, ఇప్పుడు ఇంకా ప్రమాదం అన్నాను. డాక్టరుగారు నన్ను విడిగా అడిగారన్న సంగతి మాత్రం తనకు చెప్పలేదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆ పెద్దాయన రిటైరై కలకత్తా వెళ్లిపోయారు.

బడిలో ప్రసూనకు మంచి పేరు. వయసుకు మించిన తెలివి అనేవారు పంతులమ్మలు. రెండేళ్లు చిన్నపిల్లల మధ్య కూర్చున్న పిల్లకు ఆ తెలివి ఉండదా? లెక్కలంటే మాత్రం ఏడుపొచ్చేది. కాలనీలో తన ఈడు ఆడపిల్లలంతా తెలుగు మాట్లాడతారే గానీ చదవలేరు. ప్రసూన చదివేది. ఆదివారాలు మా అమ్మ మంచం పక్కన కూర్చుని వారపత్రిక పైకి చదివి వినిపించేది. మా అమ్మ మధ్యలో ఆపి, "అదేటే, ఆ మొగుడు తిరిగొచ్చాడా లేదా, అది సెప్పు ముందు" అనేది. ప్రసూన కథ వదిలేసి తనే ఒక ముగింపు అల్లి చెప్పేది. సాధారణంగా ఆ మొగుడు రైలు కింద పడేవాడు.

2012 డిసెంబరులో ఆసుపత్రికి కొత్త డాక్టరమ్మ వచ్చింది. పేరు జ్యోతిర్మయి, వరంగల్ అమ్మాయి. మేము తెలుగువాళ్లమని తెలిసి సంతోషపడింది. పాత కాగితాలన్నీ బల్ల మీద పరిచింది. కొత్త చుక్క పెట్టింది. అది మొదటిసారి కిందిగీతకు దిగువన పడింది. ప్రసూన మెడ చూసింది, మోచేతులు చాపించి చూసింది, వెనక జుట్టు ఎక్కడిదాకా ఉందో చూసింది.

"అమ్మా, పదమూడు దాటిందని ఉంది ఇక్కడ. పెద్దమనిషి కాలేదా ఇంకా?"

మాధవీలత నావైపు చూడలేదు.

"పదిహేను" అంది.

"ఏంటమ్మా?"

"నా కూతురికి పదిహేను నిండి తొమ్మిది నెలలు డాక్టరమ్మా. ఆ కాయితం అబద్ధం. కన్నప్పటి నుంచీ నేను లెక్కపెట్టుకుంటున్న వయసు పదిహేను."

జ్యోతిర్మయి కొత్త కాగితం తీసి, ఆరేళ్ల చుక్కలన్నిటినీ రెండేళ్లు కుడివైపుకు జరిపి మళ్లీ పెట్టుకుంటూ పోయింది. తొమ్మిదేళ్ల దగ్గర చుక్క అప్పుడే గీతలన్నిటికీ బయట, తెల్లకాగితం మీద పడి ఉంది. తరువాతవన్నీ ఇంకా కిందికి. ప్రసూన తల పక్కకు వంచి ఆ చుక్కలు చూస్తూ కూర్చుంది.

మూడు వారాలకు రక్తపరీక్ష ఫలితం వచ్చింది. ఆడపిల్లలకు రెండు ఎక్స్ క్రోమోజోములుంటాయట. మా పిల్లకు ఒక్కటే ఉంది. టర్నర్ సిండ్రోమ్ అంటారట. కొన్ని వేలమంది ఆడపిల్లల్లో ఒకరికి వస్తుందట. "ఇది మీ ఇద్దరి వంశాల్లోంచీ రాలేదండీ. బిడ్డ కడుపులో పడ్డప్పుడు జరిగే పొరపాటు. ఇందులో తల్లి తప్పు లేదు, తండ్రి తప్పు లేదు" అంది జ్యోతిర్మయి. నేను చేయని తప్పు నుంచి నన్ను విడిపించింది ఆమె.

ఎదుగుదల ఇంజెక్షన్లు చిన్నతనంలోనే మొదలుపెట్టాలంది. తొమ్మిదేళ్లకు దొరికి ఉంటే ఆరేళ్లు చేతిలో ఉండేవి, ఇప్పుడు ఎముకలు ఎదగడం ఆగేలోపు రెండేళ్లు దొరికితే గొప్ప. గుండె పరీక్ష కూడా అప్పుడే మొదటిసారి చేశారు. గుండె నుంచి రక్తం బయటికి వెళ్లే చోట మూడు రెక్కలుండాల్సిన కవాటానికి రెండే ఉన్నాయి. పెద్ద రక్తనాళం కాస్త వెడల్పయింది. రక్తపోటు మాత్రలు, ఏడాదికోసారి స్కాన్ తప్పనిసరి అన్నారు.

ఆ సాయంత్రం ప్రసూన నా దగ్గరకొచ్చి కూర్చుంది.

"నాన్నా, ఆ ముసలి డాక్టరుగారు నన్నడిగేరు గదా, ఎన్నేళ్లని. నేనే ఏడన్నాను."

"చిన్నపిల్లవి."

"చిన్నపిల్లనే. కానీ ఎంత బాగా చెప్పానో గుర్తుందా? ఆయన వెంటనే నమ్మేశారు." నవ్వింది. నవ్వి, ఆ నవ్వు అలాగే ముఖం మీద ఉంచుకుని, "నేను అప్పుడు నిజం చెప్పాల్సింది" అంది.

నోరు తెరిస్తే చాలు. ఆయన నీ మాట నమ్మలేదమ్మా, నన్నడిగేరు, నేను పక్కా అన్నాను. అంతే. నాలుగు మాటలు. పదిహేనేళ్ల పిల్ల ఆ బరువు తన నెత్తిన పెట్టుకుని నా ముందు కూర్చుని ఉంది. దాన్ని దించాల్సినవాణ్ని నేను.

"అన్నం తిను పో, చల్లారిపోతుంది" అన్నాను.

ఇంజెక్షన్లు తనే వేసుకునేది. తొడ మీద ఒకరోజు కుడివైపు, ఒకరోజు ఎడమవైపు. ఆరు సెంటీమీటర్లు పెరిగింది. బీకాం ముగించింది. నేను రైల్వే పరీక్షల దరఖాస్తులు తెస్తుండేవాణ్ని. ప్రతిసారీ ఒకటే జవాబు. "తొందరేటి నాన్నా? నాకింకా రెండేళ్లు ఎక్కువున్నాయి గదా." ఒక్క పరీక్షా రాయలేదు. జీవితం మొత్తంలో తను నన్ను పొడిచింది ఆ ఒక్క మాటతోనే. అది కూడా కాగితం మార్చినందుకే. అసలు సంగతి తనకు తెలీదు.

మా అమ్మ చివరి రోజుల్లో, "దీని పెళ్లేటిరా?" అని అడిగేది. "ముందు నీకు చేద్దాం నాయనమ్మా, నువ్వు ఖాళీగా ఉన్నావు" అనేది ప్రసూన. మా అమ్మ పళ్లులేని నోటితో తెగ నవ్వేది. ఆ ప్రస్తావన అక్కడితో పోయేది. లారీ ఆఫీసు ఉద్యోగం తనే వెతుక్కుంది. కుర్చీలో కూర్చుంటే కాళ్లు నేలకు అందవని, మేనేజరు మనీష్ ఒక చెక్కపెట్టె తిరగేసి బల్ల కింద పెట్టించాడు. మనీష్ ఇక్కడివాడే, ముప్పై ఐదేళ్ల మనిషి. ప్రసూన కంటే పెద్దవాడయినా దీదీ అనే పిలిచేవాడు. ఆ వీధంతా అలాగే పిలిచేది.

రెండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం ప్రసూన మరిచిపోయిన క్యారేజీ పట్టుకుని ఆఫీసుకు వెళ్లాను. దగ్గర్లోని కోటా అనే ఊరి నుంచి ధాన్యం లోడు తెచ్చే డ్రైవరు ఒకతను తన ఎదురుగా కూర్చుని ఫోన్‌లో ఫొటో చూపిస్తున్నాడు. అతని కూతురు. ఎనిమిదేళ్లట, ఎదగడం లేదట. ఊళ్లో అంతా తరువాత ఎదుగుతుందిలే అంటున్నారట.

"ఎదుగుతుందో లేదో ఊరికేం తెలుసు భయ్యా? రేపే పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు" అంటోంది ప్రసూన హిందీలో. "ఒకటి మాత్రం గుర్తుపెట్టుకో. వయసు అడిగితే నిజం చెప్పు. బడిలో ఏం రాయించావో నాకనవసరం, డాక్టరుకు మాత్రం పుట్టిన వయసే చెప్పాలి. మా డాక్టరుగారు చాలా మంచాయన. నేనే ఆయనకు అబద్ధం చెప్పాను. తొమ్మిదేళ్లుండి ఏడని చెప్పి ఆయన్ని మోసం చేశాను. ఇదిగో, ఇలా మిగిలాను."

ఆ డ్రైవరు తలెత్తి నావైపు చూశాడు. తండ్రినని మనీష్ అప్పటికే చెప్పినట్టున్నాడు. నేను క్యారేజీ గిన్నెలు విడదీస్తూ నిలబడ్డాను. పప్పు గిన్నె, కూర గిన్నె, పెరుగు గిన్నె. మూడూ విడదీశాక మళ్లీ ఒకదాని మీద ఒకటి పెట్టాను. ప్రసూన "నాన్నా, ఏటి చేస్తున్నారు? ఆకలేస్తోంది నాకు" అంది.

పోయిన ఏడాది మే నెలలో, పదకొండు గంటల వేళ, ప్రసూన ఒక డ్రైవరును ఫోన్‌లో ఆగమని చెప్పి, వీపు చీలిపోతున్నట్టుంది మనీష్ భయ్యా అందట. మనీష్ సరుకు వ్యానులో ఆసుపత్రికి తీసుకెళ్లాడు. పావుగంట దారి. ఆ పావుగంట చాలలేదు. వెడల్పయిన ఆ రక్తనాళమే చిరిగింది. అప్పటికి తనకు ఇరవై ఏడేళ్ల రెండు నెలలు.

జ్యోతిర్మయి ఇప్పుడు వేరే ఊళ్లో పనిచేస్తోంది. ఫోన్ చేసి అడిగాను, తొమ్మిదేళ్లకే తెలిసి ఉంటే బతికేదా అని. "చెప్పలేనండీ. ముందే తెలిసినా ఇలాగే పోయిన పిల్లలున్నారు. ముందే తెలిసి జాగ్రత్తపడి బతికున్నవాళ్లూ ఉన్నారు" అంది. ఈ రెండు మాటల్లో మొదటిదాన్ని పట్టుకుని నిద్రపోవాలని చూస్తాను. రెండోది పట్టు వదలదు.

పోయిన నెల మనీష్ కబురు పెట్టాడు. ఆఫీసు వ్యాపార్ విహార్‌లోనే వేరే వీధికి మారుస్తున్నారట, దీదీ వస్తువులు తీసుకెళ్లమన్నాడు. ఒక దువ్వెన, మాత్రల అట్ట, రెండు తెలుగు పత్రికలు. అవి సంచిలో వేసి ఇస్తూ మనీష్ తలచుకుని నవ్వాడు.

"దీదీ అందరికీ చెప్పేవారు అంకుల్, చిన్నప్పుడు డాక్టరునే బోల్తా కొట్టించానని. పిల్లలున్న డ్రైవరు ఎవడొచ్చినా ఇదే కథ. మోసం చేసింది నేనే, వాళ్లదేం తప్పు లేదు అనేవారు."

"మోసం చేసింది అది కాదు" అన్నాను.

"జీ?"

"డాక్టరు దాని మాట మీద వదల్లేదు. దాన్ని పక్కగదికి పంపి నన్నడిగారు. తొమ్మిదయితే చెప్పండన్నారు. నేను ఏడే అన్నాను. నేను."

ఆ మాట నా నోటి నుంచి బయటికి రావడం అదే మొదలు. మనీష్ చేతిలో సంచి అలాగే ఉండిపోయింది. లోడింగువాళ్లు పిలుస్తున్నా కదల్లేదు.

"ఇది దీదీకి చెప్పాల్సింది అంకుల్" అన్నాడు చివరికి.

మేము ఇప్పుడు ఇదే ఊళ్లో మంగ్లా అనే పేటలో ఉంటున్నాం. ఇంటికొచ్చేసరికి మాధవీలత వెనకగుమ్మంలో కూర్చుని ఎర్ర తోటకూర తుంచుతోంది. సంచి పక్కన పెట్టి, నిలబడే చెప్పాను. మధ్యలో ఆగితే మళ్లీ చెప్పలేనని ఆగకుండా చెప్పాను. తన చేతులు ఆగిపోయాయి.

"అడిగేరా ఆయన?"

"అడిగేరు."

"తొమ్మిది అనే అన్నారా?"

"ఆఁ."

"మీరేటన్నారు?"

"పక్కా ఏడే అన్నాను."

"నేను పిల్ల బరువు చూపిస్తున్నాను, అప్పుడు" అంది తనలో తను అనుకుంటున్నట్టుగా. "మొదటి రోజే నేను నోరు విప్పి ఉంటేనా అని ఇన్నేళ్లూ నన్ను నేను తినేసుకున్నాను. అదేమో తను చెప్పిన మాట వల్లే అనుకుంది. మీరు చూస్తూ ఊరుకున్నారు. ఇద్దరినీ."

తోటకూర పళ్లెం తీసుకుని లోపలికెళ్లింది. రెండు రోజులు నాకు వేళకు అన్నం పెట్టింది, మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున నా ముందు టీ గ్లాసు పెట్టి నిలబడింది.

"అది ఆ వీధిలో అందరికీ తనే మోసం చేశానని చెప్పుకు తిరిగింది. దాని పేరు మీద ఆ మాట ఉండకూడదు. వెళ్లండి. ఎవరెవరికి చెప్పిందో వాళ్లందరికీ మీరు చెప్పండి."

అప్పటి నుంచీ లారీలు వచ్చే వేళకు వ్యాపార్ విహార్ వెళ్తున్నాను. మనీష్ ఎవరిని చూపిస్తే వాళ్ల దగ్గరకు వెళ్లి చెబుతాను. కొందరు పోయినవాళ్ల మాట ఇప్పుడెందుకు బాబూజీ అంటారు. కొందరు చేతులు పట్టుకుంటారు. అది నాకు ఇంకా కష్టం. నేను వాళ్ల దగ్గర జాలి తెచ్చుకోవడానికి వెళ్లడం లేదు. కానీ తెచ్చుకుంటున్నానేమో కూడా నాకు తెలీదు.

నిన్న కోటా డ్రైవరు వచ్చాడు. కూతురికి మందులు మొదలయ్యాయట. ఆ మాట చెబుతుంటే అతని ముఖం విప్పారింది. అది చూసి ఒక్క క్షణం, ఇతనికి చెప్పకుండా వెళ్లిపోదామా అనిపించింది. చెప్పాను. అతను లారీ చక్రానికి ఆనుకుని చివరిదాకా విన్నాడు. బీడీ ఆర్పేసి నన్ను పరీక్షగా చూశాడు.

"ఆ రోజు దీదీ నాతో చెప్పేటప్పుడు మీరు అక్కడే ఉన్నారు గదా" అన్నాడు.

"ఉన్నాను" అన్నాను.

అతను క్యాబిన్ ఎక్కి తలుపేసుకున్నాడు.